పదకొండో ప్రశ్న

సరస్సు అందమైనదే. ముందే ఒప్పుకుంటున్నాను, ఇంకెవరూ నాకు ఫొటోలు చూపించక్కర్లేదు. చుట్టూ మంచుకొండలు, నడుమ నీలం నీళ్ళు. నా భార్య బతికున్నన్నాళ్ళూ వెళ్దాం, వెళ్దాం అంది. సెలవు దొరకనీ అన్నాను. దొరికేసరికి ఆమె లేదు.

కిందటి వేసవిలో అమ్మాయి, అల్లుడు, మనవరాలు అక్కడికి ప్రయాణం కట్టారు. "అమ్మ కోసమైనా రా నాన్నా" అంది అమ్మాయి. సరేనన్నాను.

ఆ సరస్సు ఉన్న పరాయి దేశం సంగతి తెలియక కాదు. సర్కారును తిడుతూ కరపత్రం అచ్చువేశాడని పదకొండేళ్ళ కిందట అక్కడ ఒక ప్రింటరును జైల్లో వేశారు. అతన్ని వదలమని మా ప్రెస్సువాళ్ళందరం ఉత్తరం రాసి సంతకాలు చేశాం. మొదటి సంతకం బైండింగు విభాగంలో పనిచేసే నా భార్యది. రెండోది నాది. అతను ఇప్పటికీ లోపలే ఉన్నాడు. అయినా సరేనన్నాను. ఆమె చూడాలనుకున్న చోటు.

ట్రావెల్ ఆఫీసులో ఏజెంటు నలుగురి వీసా ఫారాలూ నింపి ఉంచాడు. అల్లుడు చూడకుండానే సంతకం చేశాడు. అమ్మాయి తనదీ పిల్లదీ చేసింది. నేను కళ్ళజోడు పెట్టుకున్నాను. ముప్పైనాలుగేళ్ళు ప్రూఫులు దిద్దినవాణ్ణి. చదవని పేజీ మీద సంతకం పెట్టలేదు.

"మీరు చదవక్కర్లేదండీ. అంతా మేమే నింపేశాం" అన్నాడు ఏజెంటు.

"అందుకే చదువుతున్నా."

అల్లుడు వాచీ చూసుకున్నాడు. "మామయ్యగారూ, అది నవల కాదు."

"నవలైతే ఇంత జాగ్రత్తగా చదవను."

పుట్టిన సంవత్సరం తప్పు. ఇంటిపేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. అలవాటు కొద్దీ జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, అంకె కొట్టేసి, మార్జిన్లో సరైనది రాశాను. అక్షరం చేర్చాలని గుర్తు పెట్టాను.

ఏజెంటు తల పట్టుకున్నాడు. "ఫారం మీద ఎర్రసిరా ఏంటండీ బాబూ!"

ఇంకొకటి తీసి మళ్ళీ నింపాడు. అదీ మొదటినుంచి చదివాను. పదకొండో ప్రశ్న దగ్గర ఆగాను. ఈ దేశ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఎప్పుడైనా రాశారా, మాట్లాడారా, సంతకం చేశారా? 'లేదు' గడిలో టిక్కు ఉంది.

"ఇది తప్పు" అన్నాను.

"అది అందరికీ లేదనే పెడతాం. ఎవడు చూడొచ్చాడండీ?"

"నేను చూశాను. ఆ ప్రింటరు ఉత్తరం మీద సంతకం చేశాను."

ఏజెంటు గొంతు తగ్గించాడు. నలుగురివీ ఒకే ఫైలుగా వెళ్తాయనీ, ఒకరు అవునంటే నాలుగూ తిరిగొస్తాయనీ చెప్పాడు.

అమ్మాయి ముఖం ఎర్రబడింది. "కొండలకి రాజకీయాలేంటి నాన్నా?"

"కొండలు నన్నేమీ అడగలేదమ్మా. ఈ కాగితం అడిగింది."

"అమ్మయితే 'లేదు' అని పెట్టేసేది. వెళ్ళి ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, హాయిగా వాళ్ళని తిట్టేది."

నిజం. సినిమాకి వెళ్ళడానికి ఫోర్‌మన్‌తో కడుపునొప్పని చెప్పి, గేటు దాటాక నవ్విన మనిషి.

"పెట్టేది. నేను పెట్టను."

"అమ్మ కోసం వస్తానన్నావుగా?"

"అన్నాను."

 

ఇక నేను రానట్టేనని నా ఫారం చింపబోతున్న ఏజెంటు చెయ్యి పట్టుకున్నాను. వాళ్ళ ముగ్గురివీ ఒక ఫైలు, నాది విడిగా పంపమన్నాను.

"తిరిగొచ్చేస్తుందండీ!"

"రానీ. ఎవడో ఒకడు చదివాకే కదా తిప్పి పంపేది."

'లేదు' కొట్టేసి 'అవును' గడిలో టిక్కు పెట్టాను. కింద వివరాలకి మూడు గీతల జాగా ఉంది. ప్రింటరు పేరు, అతన్ని పట్టుకెళ్ళిన తేదీ, నా భార్య పేరు రాశాను. సంతకం చేశాను. అమ్మాయి అప్పటికే బయటికి వెళ్ళిపోయింది.

తొమ్మిదో రోజున నా ఫారం తిరిగొచ్చింది. వాళ్ళు ముగ్గురూ వెళ్ళారు.

ఒడ్డునుంచి అమ్మాయి ఫోన్ చేసింది. వెనక మనవరాలు నీళ్ళలో కేకలు వేస్తోంది.

"ఎంత బాగుందో నాన్నా."

"బాగుంటుంది."

"ఇంకా కోపమేనా నా మీద?"

"ఉంది."

"నాకూ ఉంది" అంది. కాసేపు ఇద్దరం పిల్ల కేకలు విన్నాం.

ఈ జనవరిలో మళ్ళీ ఫారం తెప్పించుకున్నాను. ఈసారి మూడు గీతలు చాల్లేదు. కాగితం తిప్పి, వెనకవైపు నిండా ఆ ప్రింటరు సంగతే రాసి పంపాను.