క్లచ్ విషయమై ఉభయుల అంగీకారం

మార్చి పదకొండో తేదీ, మంగళవారం ఉదయం, మెకానిక్ షెడ్డులో, బానెట్ తెరిచి ఉన్న పాత పికప్ ఎదుట సమావేశం మొదలైంది. హాజరైనవారు: బండిలో సగానికి హక్కుదారైన అక్క, తక్కిన సగానికి హక్కుదారైన తమ్ముడు, ఏ హక్కూ లేకపోయినా ఉన్న ఒక్క కుర్చీ దక్కించుకున్న బావ, చేతిలో పానాతో మెకానిక్. ఈ వివరాలను కాగితం మీదికి ఎక్కించింది తమ్ముడే. ఎక్కించమని అతన్నెవరూ అడగలేదు.

అతని వృత్తి పుస్తకాల చివర పదసూచికలు తయారుచేయడం. విశ్వవిద్యాలయం చదువు ముగిశాక మనుషులతో కంటే పుటలతోనే పొత్తు కుదిరింది. నలుగురు చేరిన చోటికి వెళ్లాలంటే తలప్రాణం తోకకొస్తుంది. అయినా ఈ రోజు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వచ్చాడు. నాన్న పోతూ పికప్‌ను ఇద్దరి పేరా రాసిపోయాడు. అక్క దానిలో తన నర్సరీ మొక్కలను దుకాణాలకు చేరవేస్తుంది. తమ్ముడికి నడపడం రాదు గనుక నెలకోసారి దాని కింద దూరి, క్లచ్ రాడ్లకు గ్రీజు పెట్టి, పెడల్ వదులు చూసి నట్టు బిగిస్తాడు. అతని చేతులకు మసి అంటే పని ఇదొక్కటే. ఆ పూట చేతులు తొందరగా కడుక్కోడు, ఎవరైనా చూస్తే బాగుండునని. ఒంటరిగా ఉండే ఇంట్లో చూసేదెవరన్నది అతనికి ఎన్నడూ తట్టలేదు.

ఇప్పుడు ఆ రాడ్లను మోసే బ్రాకెట్ నెర్రె ఇచ్చింది. మెకానిక్ రెండు దారులు చెప్పాడు. పాత పద్ధతే కావాలంటే వెల్డింగ్ చేసి, అరిగిన లివర్లు మారుస్తాడు. పెడల్ నుంచి క్లచ్ దాకా అంతా ఇనుమే. దారిలో ఊడినా తీగ చుట్టుకుని ఇంటికి చేరవచ్చు. కాదంటే హైడ్రాలిక్: పెడల్ దగ్గరొక సిలిండరు, క్లచ్ దగ్గరొక సిలిండరు, మధ్య సన్నని గొట్టంలో ఆయిలు. తొక్కడం తేలిక, గ్రీజుతో పనిలేదు. సిలిండరులోని రబ్బరు సీలు పోయి ఆయిలు కారిందంటే మాత్రం పెడల్ నేలకంటుకుపోతుంది. దాన్ని అమర్చడానికి డాష్‌బోర్డు కింది రేకుకు రంధ్రం చేయాలి. ఓనర్లిద్దరూ సంతకం పెట్టనిదే డ్రిల్ ముట్టనని, రేపు ఒకరొచ్చి పూడ్చమంటే తనవల్ల కాదని అతను ముందే తేల్చేశాడు.

అక్క ఎడమ మోకాలికి నిరుడు ఆపరేషన్ అయింది. పెడల్ తొక్కలేకపోతే పికప్‌ను అమ్మేయాలి, మొక్కల సరఫరా మానుకోవాలి. ఆ సంగతి తమ్ముడికి తెలియక కాదు. తెలిసే, పాత పద్ధతిని సమర్థిస్తూ పద్దెనిమిది పుటల నివేదిక రాసుకొచ్చాడు. గొంతు సవరించుకుని చదివాడు. అందులో పెడల్ బరువు పరీక్ష కూడా ఉంది. ఒంటి బరువు చూసుకునే మిషన్‌ను పెడల్‌కు ఆనించి నొక్కితే, అదేమంత బరువు కాదని రుజువైందట.

"దేంతో నొక్కావు?" అంది అక్క.

"మిషన్‌తో."

"మిషన్ తనంతట తాను నొక్కుతుందా? నువ్వు దేంతో నొక్కావురా?"

తమ్ముడు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తలుపు తీసి, బయట నేల మీద మోకాళ్లూని, రెండు చేతులతో, భుజాల బలమంతా వేసి నొక్కినట్టు ఒప్పుకున్నాడు. డ్రైవర్ సీట్లో కూర్చోవడం అతనికి మొహమాటం.

"అంటే మీ అక్క రోడ్డు మీద మోకాళ్లేసి చేతులతో క్లచ్ నొక్కుతూ, స్టీరింగ్ పళ్లతో తిప్పాలన్నమాట," అన్నాడు బావ. "దానికీ ఓ పేజీ రాశావా బామ్మర్దీ?"

అక్క నవ్వలేదు. అతన్ని సీట్లో కూర్చోబెట్టి, ఎర్ర లైటు పడిందనుకుని క్లచ్ తొక్కి పట్టుకోమంది. ఆ తర్వాత అతన్ని పూర్తిగా మరిచిపోయినట్టు, సీళ్లు ఎన్నాళ్లు మన్నుతాయని మెకానిక్‌ను ఆరా తీయసాగింది.

కాసేపటికి తమ్ముడి తొడ వణికింది. ఏ ఆపరేషనూ ఎరుగని అతని మోకాలు నడుస్తున్న ఇంజనులా అదరసాగింది.

"లైటు ఇంకా ఎర్రగానే ఉందా అక్కా?"

"ఇంకా ఉంది."

పట్టుకున్నాడు. పట్టుకుంటూ, అలవాటు చొప్పున, తన నివేదికకు మనసులోనే పదసూచిక వేసుకున్నాడు. 'మన్నిక' ఏడు చోట్ల ఉంది. 'గ్రీజు' పదకొండు చోట్ల ఉంది. 'మోకాలు' ఎక్కడా లేదు. మళ్లీ వెతికాడు. లేదు. ఇంకొకరి పుస్తకంలో ఇలాంటి లోపం దొరికితే ప్రచురణకర్తకు ఎంత వెటకారంగా ఉత్తరం రాసి ఉండేవాడో కూడా గుర్తొచ్చింది.

పెడల్ వదిలి దిగాడు. కాలు నిలవక తలుపు పట్టుకున్నాడు.

"హైడ్రాలిక్కే పెట్టించుకో."

"మరి ఆ పద్దెనిమిది పేజీలు?"

"అవి నా గ్రీజు కోసం రాసుకున్నానక్కా. నీ కోసం కాదు."

 అక్క, కొత్తదానికి నెలనెలా చూసుకోవలసింది ఏమైనా ఉంటుందా అని మెకానిక్‌ను అడిగింది. సిలిండరు పైనుండే చిన్న డబ్బాలో ఆయిలు మట్టం చూస్తే చాలన్నాడు అతను. అది తమ్ముడు చూస్తాడంది అక్క.

పోటీలో ఓడిన పిల్లవాడి చేతిలో ఊరడింపుగా పెట్టే పెన్సిల్ లాంటిదది అని తమ్ముడు గ్రహించాడు. హుందాగా నిరాకరిద్దామనుకున్నాడు. ఆ ఆలోచన ముగిసేలోపే మూత ఎటు తిప్పాలని అడిగేశాడు.

"మూత తియ్యకండి సార్. చెమ్మ చేరుద్ది," అన్నాడు మెకానిక్. "డబ్బా బయటినుంచే మట్టం కనబడుద్ది. ఊరికే చూడండి."

ఊరికే చూడటంలో తమ్ముడికి ముప్పై ఏళ్ల అనుభవం ఉంది. అంగీకారపత్రంలో రంధ్రానికి అనుమతి ఒక వాక్యంలో ముగించి, తన బాధ్యతకు ఒక పేరా కేటాయించాడు: ద్రవమట్ట పర్యవేక్షణ, కాలనియతి, తత్సంబంధ విధులు. అక్క కలం లాక్కుని ఆ పేరా అడ్డంగా కొట్టేసి, 'ఆయిలు తమ్ముడు చూస్తాడు' అని రాసి సంతకం పెట్టింది. ఆ వాక్యంలో సవరించడానికేమైనా దొరుకుతుందేమోనని తమ్ముడు ఒకటికి రెండుసార్లు చదివాడు. ఏమీ దొరకలేదు. అక్క పేరు కింద సంతకం చేసి, మడత వంకర పోకుండా కాగితాన్ని నాలుగుగా మడిచి అందించాడు. మెకానిక్ దాన్ని పానాల పెట్టె అడుగున పడేసి, డ్రిల్ అందుకున్నాడు.