ఒత్తు దగ్గర ఆగే ఈనెపుల్ల

వాకిలి సగం ఊడ్చారో లేదో, నన్ను చీపురు కట్టలోంచి లాగేశారు.

నేను ఒక కొబ్బరి ఈనెను. నన్ను ఆకులోంచి చీల్చి, కత్తితో గీకి, ఎండబెట్టి, నా తోటివాళ్లతో కలిపి చీపురు కట్టింది మరిడమ్మ. ఆమె గీకుతున్నంతసేపూ కూతురు పక్కన కూర్చుని బడి పాఠాలు గడగడా చదివేది. వినీ వినీ పచ్చి ఈనెలమైన మాకూ అవి నోటికి వచ్చేశాయి. మాకే వచ్చాయంటే అందులో ఏదో తిరకాసు ఉందని మరిడమ్మకు తోచలేదు. తనకు చదువు రాదు కనుక మురిసిపోయేది.

ఆ చీపురును అదే ఊళ్లో వీరవేణి కొనుక్కుంది. డిగ్రీ చదివిన పిల్ల, సాయంత్రాలు అరుగు మీద ట్యూషన్ చెబుతుంది. ఆమె వాకిట్లో ఆకులూ కోడి ఈకలూ ఊడుస్తూ నా రోజులు గడిచాయి. మనుషులు పొద్దున్న శుభ్రం చేసిన చోటే సాయంత్రానికి చెత్త వేస్తారు. మాకు పని లేకుండా పోతుందని బెంగేమో.

ఆ సాయంత్రం వీరవేణి ఊడుస్తుండగా మరిడమ్మ కూతురి రెక్క పట్టుకుని వచ్చింది.

"సూడు వీరవేణీ! అమలాపురం హైస్కూల్లో సేరుద్దామని బయల్దేరాం. బస్సు రాగానే ఇదే అమ్మా అని ఎక్కేసింది. దీన్ని నమ్మి నేనూ ఎక్కాను. తీరా టిక్కెట్టు కాడ తెలిసింది, అది అప్పనపల్లి బస్సంట! నడిదారిలో దిగి ఎండలో నడిసొచ్చాం."

"రెండూ 'అ'తోనే ఉన్నాయి కదక్కా," అంది పిల్ల నేల చూస్తూ.

"రోజూ దీని ఎంట తిరగడానికి నాకు కుదరదు. బళ్లు తెరిసేలోగా బోర్డు సదవడం రాకపోతే హాస్టల్లో పడేస్తాను."

హాస్టలు మాట వినగానే పిల్ల కళ్లు నిండాయి. వీరవేణి వాచకం తెరిచి చదవమంది. పిల్ల తడబడకుండా అందుకుంది. అప్పుడే వీరవేణి నన్ను పీకింది. పిల్ల చటుక్కున రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. పుల్ల కనబడితే చాలు, దెబ్బ అనుకుంటారు మనుషులు.

"కొట్టనే. ఇది మాట చూపించడానికి," అని నా మొనను రెండో వరుసలో ఒక మాట కింద పెట్టింది. పిల్ల నోరు అప్పటికే నాలుగో వరుసలో ఉంది. నేను కదల్లేదు. పిల్ల బొమ్మ వైపు చూసింది, మొదటి అక్షరం చూసింది, ఆపైన అక్క మొహం చూసింది.

"అంటే ఇన్నాళ్లూ ఇది సదవలేదా?" అంది మరిడమ్మ.

"కంఠతా పాడింది పిన్నీ. బాగానే పాడింది."

మర్నాటి నుంచి నా ఉద్యోగం మారింది. సబ్బు కాగితం మీదా, టీ పొడి పొట్లం మీదా, గోడల మీది రంగు రాతల కిందా నడిచాను. ఒత్తు వచ్చిన చోటల్లా వీరవేణి నన్ను ఆపేసేది. పిల్ల దాన్ని పలికేదాకా ముందుకు కదలనిచ్చేది కాదు.

"కనబడలేదక్కా."

"కింద కూర్చుందని వదిలేస్తావా? మధ్యాహ్నం అన్నంలోకి ఏం తిన్నావు, పపు తిన్నావా?"

"పప్పు!" అని పకపకా నవ్వింది పిల్ల. ఆ నవ్వుతోనే ఒత్తు మీద భయం కొంత పోయింది.

అన్నిటికన్నా తిప్పలు పెట్టింది తన పేరే. ఊరంతా జోసనా అని పిలిచే ఆ పిల్ల అసలు పేరు జ్యోత్స్న.

"మా నాన్న ఇంత కష్టం పేరెందుకు పెట్టాడక్కా?"

"అర్థం వెన్నెలేనే. రాయడం దగ్గరే అమావాస్య."

ఎన్నో సాయంత్రాలు ఆ పేరు కింద ఆగి ఆగి నడిచాను. ఒకరోజు నేను మొదటి ఒత్తు దగ్గర ఉండగానే పిల్ల చివరి అక్షరం దాకా వెళ్లిపోయి, తన పేరు తనే కొత్తగా విన్నట్టు నోరు తెరిచింది. అప్పటి నుంచి నేనే వెనకబడ్డాను. ఇక అవసరం ఉండదని తెలిసినా, వీరవేణి నన్ను పిల్ల సంచిలో పెట్టింది.

బళ్లు తెరవబోయే ముందు, హైస్కూల్లో చేర్చడానికి మరిడమ్మ మళ్లీ కూతుర్ని తీసుకుని బస్సుల సెంటరుకు వెళ్లింది. బస్సు వచ్చి ఆగింది.

"ఎక్కవే, సీట్లు పోతాయి!"

పిల్ల కదల్లేదు. చూపు బోర్డు మీద నడిచింది, కిందికీ దిగింది.

"ఇది అప్పనపల్లి అమ్మా. రెండు ఒత్తులున్నాయి."

"నిజమేనా?"

"ఎక్కి చూస్తావా? మళ్లీ నడవాలి మరి."

"నీ నోరు పడిపోను!" అంది మరిడమ్మ నవ్వాపుకోలేక. వెనకాలే వచ్చిన అమలాపురం బస్సును ఈసారి బోర్డు చదివి కూతురే చూపించింది.

బడి తెరిచిన పొద్దున, ఏదో బెంగ తీరక, మరిడమ్మ తోడు వెళ్లడానికి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. జ్యోత్స్న ఆ చెప్పుల వైపు చూసింది. సంచిలోంచి నన్ను తీసి, మూలనున్న తమ ఇంటి చీపురు కట్టలో గుచ్చింది. అది చూసి తల్లి నెమ్మదిగా చెప్పులు విడిచింది. పిల్ల సంచి భుజానికి తగిలించుకుని, ఒక్కతే గుమ్మం దాటి సెంటరు వైపు వెళ్లిపోయింది.