తలుపు తట్టే మనిషి

అక్క ఇంట్లో తలదాచుకోవడానికి వచ్చిన కొత్తలోనే ఇస్త్రీ పని ఆమె చేతికి వచ్చేసింది. ఎవరూ చెయ్యమనలేదు. ఊరికే కూర్చుని తింటోందన్న మాట రాకూడదని తనే అందుకుంది. బావగారి చొక్కాలు, పిల్లల యూనిఫారాలు, చివరికి దిండు గలీబులు కూడా.

"ఏమ్మా, నీ కోర్టు పని ఎంతవరకు వచ్చింది?" అనేవాడు బావగారు, రైలు ఎంత లేటని అడిగినట్టు.

"వాయిదా పడింది బావగారూ."

"మళ్ళీనా!" అని నిట్టూర్చి, చొక్కా అందుకుని, "కాలరు మాత్రం భలే చేస్తావమ్మా" అనేవాడు. చెడ్డవాడు కాదు. తన ఇంట్లో ముందుగది పోయిందన్న దిగులు ఆయనది.

ఆ కాలరు చెయ్యడం ఆమె భర్త కోసం నేర్చుకుంది. అతను సైన్సు మాస్టారు. కాలరు నలిగితే పిల్లలు మాట వినరని అతని నమ్మకం. వీధిలో అందరికీ మాస్టారంటే గౌరవం. ఎవరింట్లో ఫ్యూజు పోయినా స్క్రూడ్రైవరు పట్టుకుని తనే వెళ్ళేవాడు. పొద్దున్నే గడ్డం గీసుకుంటూ పాట కూనిరాగం తీసేవాడు, ఒక్క చరణమూ సరిగ్గా రాదు. ఆమెను పిట్టా అని పిలిచేవాడు. ఆదివారం కమలాపండు ఒలిచి, తొనల మీద తెల్లటి పీచు కూడా తీసి, ఆమె నోటికి అందించేవాడు. ఇవన్నీ నిజం. తన కేసు చూసే లాయరమ్మకి చెప్పినప్పుడు, "ఇవి మనకి అక్కర్లేదమ్మా, కొట్టిన సంగతి చెప్పు" అంది. కొట్టిన సంగతీ నిజమే. ఒక మనిషిలో రెండు నిజాలు ఉంటే కోర్టు కాగితం మీద ఒకదానికే చోటుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఆమె ఒక ల్యాబ్‌లో రక్తం తీసే పని చేస్తుంది. పసిపిల్లలకీ, ముసలివాళ్ళకీ నరం దొరక్కపోతే మిగతావాళ్ళు ఆమెనే పిలుస్తారు. ఒకరోజు జనం ఎక్కువై ఇంటికి ఆలస్యంగా వెళ్ళింది. "నాకంటే నీకు ఆ సూదులే ఎక్కువా?" అన్నాడు అతను. నవ్వుతూ అన్నాడనుకుని తనూ నవ్వింది. ఆ నవ్వు పూర్తవకుండానే మణికట్టు విరిగింది. ఆసుపత్రికి అతనే తీసుకెళ్ళాడు, డాక్టరుకి అతనే చెప్పాడు, బాత్రూంలో జారిపడిందని. ఇంటికొచ్చాక టీ కాచి, ఊది, చల్లార్చి తాగించాడు. "నీకు కోపం తెప్పించకుండా ఉండటం దానికి రాదురా" అంది అత్తయ్య కొడుకుతో, పక్కగదిలోంచి. కట్టు విప్పాక కొన్నాళ్ళు ఆమె చెయ్యి వణికింది. నరం దొరకడం లేదని తనే ఇంకొకరిని పిలిచేది. అప్పుడు పడ్డ సిగ్గు, దెబ్బ తిన్నప్పుడు కూడా పడలేదు.

రెండోసారి తలుపు సందున వేళ్ళు పెట్టి నొక్కినప్పుడు పోలీస్‌స్టేషన్ మెట్లెక్కింది. "మొగుడూ పెళ్ళాలన్నాక మామూలేనమ్మా, మాస్టారంటే మాకూ తెలుసు, పిలిచి మందలిస్తాం" అన్నాడు ఇన్‌స్పెక్టరు. కానీ బయటికొచ్చేటప్పుడు ఒక మహిళా కానిస్టేబులు వెంట వచ్చి, "మందలింపులు నమ్ముకోకండి. ఫిర్యాదుకి నకలు తీసుకోండి. రక్షణ అధికారి దగ్గరికీ వెళ్ళండి, ఆవిడ మీ తరఫున కోర్టుకి రాస్తుంది" అని గొంతు తగ్గించి చెప్పింది.

రక్షణ అధికారి ఆవిడ అంతా రాసుకుని, తల ఎత్తి, "మీకేం కావాలి?" అంది. పెళ్ళైనప్పటినుంచి ఎవరికేం కావాలో చూసుకోవడం ఆమెకు అలవాటైపోయింది. తనకేం కావాలో మాత్రం ఎన్నడూ చూసుకోలేదు. "మా ఇల్లు" అంది చివరికి. "మా ఇంట్లో భయం లేకుండా పడుకోవాలి."

ఆ ఒక్క ముక్క కోసం ఆమె కోర్టు చుట్టూ కాలికి బలపం కట్టుకుని తిరిగింది. మొదట నోటీసు అతనికి అందలేదన్నారు. అందాక, జవాబు రాసుకోవడానికి గడువడిగారు. తర్వాత రాజీ గది. అక్కడొక పెద్దాయన, "పంతాలకి పోతే సంసారాలు నిలవవమ్మా" అని అతనికి చెప్పాల్సింది ఆమెకు చెప్పాడు. ఒకసారి జడ్జిగారు సెలవు, ఒకసారి లాయర్ల సమ్మె. "రక్షణ అధికారి గట్టిగా అడిగాక పోలీసులు పెట్టిన కేసు ఆయనకి శిక్ష పడటానికి" అని లాయరమ్మ విడమరిచి చెప్పింది. "అది పక్క హాల్లో దాని నడక అది నడుస్తుంది. మనం అడిగేది నిన్ను కాపాడే ఉత్తర్వు. ఒకదాని కోసం ఇంకోటి ఆగదు. నువ్వు మాత్రం ప్రతి వాయిదాకీ రా. రాకపోతే రాజీ పడ్డావనుకుంటారు."

వెళ్ళేది. లాయరమ్మకి గానీ అక్కకి గానీ చెప్పని మాట ఒకటుంది. వాయిదా రోజున ఆమె కాస్త మంచి బట్టలు కట్టుకునేది. అతను కనబడతాడని.

వరండా చివర, బెంచీ మీద, అత్తయ్య పక్కన కనబడేవాడు. చిక్కిపోయాడు. కాలరు ఒకవైపు మడతపడి ఉండేది. దాన్ని సరిచెయ్యాలని ఆమె వేళ్ళు, ఆ వేళ్ళే, తహతహలాడేవి. ఒకసారి మంచినీళ్ళ దగ్గర ఎదురుపడి, ఎవరూ వినకుండా, "తిన్నావా పిట్టా?" అన్నాడు. ఆ రెండు ముక్కలకి ఆమె నెలల తరబడి కట్టుకున్న గోడ ఉప్పుగల్లులా కరిగిపోయింది. తినలేదని చెప్పాలనిపించింది. ఇంటికి పోదాం పద అనాలనిపించింది. గ్లాసు అక్కడే పెట్టేసి లాయరమ్మ వెనక్కి వెళ్ళి నిలబడింది. ఆ రాత్రి అక్క పక్కన పడుకుని, అతని తప్పుడు కూనిరాగాన్ని మనసులో తప్పులతో సహా పాడుకుంది.

ఎట్టకేలకు ఆమెను బోనెక్కించారు. అతని లాయరు ఫోను తెరిచి చూపించాడు. "ఇది మీరు పంపిన మెసేజేనా? 'దగ్గు తగ్గిందా, మందు వేసుకుంటున్నావా' అని?"

"నేనే పంపానండీ."

"ప్రాణభయం ఉందని ఇంట్లోంచి వెళ్ళిపోయాక పంపారు. అవునా?"

"అవునండీ."

"కొట్టి చంపుతాడని భయపడే మనిషి దగ్గు గురించి అడుగుతుందా? సూటిగా చెప్పండి. ఆయనంటే మీకు ఇప్పటికీ ఇష్టమే కదా?"

లాయరమ్మ లేచి అభ్యంతరం చెప్పబోయింది. అంతలోనే ఆమె జవాబు చెప్పేసింది.

"ఇష్టమేనండీ."

హాల్లో ఎవరో ముసిముసిగా నవ్వారు. అతని లాయరు, ఇక చాలన్నట్టు జడ్జిగారి వైపు చూశాడు. ఆమె మాత్రం ఆగలేదు. "అందుకే కాగితం అడుగుతున్నానండీ. ఇష్టం లేకపోతే నా గడియ నేనే పెట్టుకునేదాన్ని. ఆయన వచ్చి తలుపు తట్టి, పిట్టా అని పిలిస్తే, నేను తీసేస్తాను. నాకు తెలుసు. తీస్తే ఈసారి చేతితో పోదు. ఆయన అసలు తలుపు దాకా రాకూడదని మీరు రాసివ్వండి."

జడ్జిగారు రాస్తున్న కలం ఆపి ఆమెను చూశారు. నవ్విన మనిషి మళ్ళీ నవ్వలేదు. అతను తలొంచుకున్నాడు. ఏడుస్తున్నాడేమోనని, ఆ పరిస్థితిలో కూడా, ఆమె కంగారు పడింది.

తర్వాతి వాయిదాకి అత్తయ్య వచ్చి సాక్ష్యం చెప్పింది. "మావాడు చీమకైనా అపకారం చెయ్యడండీ. ఈ అమ్మాయిదే నోటి దురుసు. దాని చెయ్యి అదే విరగ్గొట్టుకుంది." ఆవిడ ఒక్కసారి కూడా కోడలి వైపు చూడలేదు.

ఉత్తర్వు వచ్చింది. అతను ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఇంటి దగ్గరికీ ల్యాబ్ దగ్గరికీ రాకూడదు, ఫోను చెయ్యకూడదు, మనుషులతో కబురంపకూడదు. మీరితే అరెస్టు. ఒక నకలు పోలీస్‌స్టేషన్‌కి. పక్క హాల్లో కేసు ఇంకా నడుస్తూనే ఉంది. "గెలిచామమ్మా!" అంది లాయరమ్మ. అక్క ఆమెను వాటేసుకుని ఏడ్చింది. బావగారు ఆటో పిలిచి సామాను తనే ఎక్కించాడు.

అతను తల్లిని తీసుకుని వేరే పేటలో అద్దెకు దిగాడు. ఇల్లు ఆమెకు దక్కింది. దక్కిన ఇంట్లో మొదటి వారం రోజులూ రెండు కప్పుల టీ పెట్టి, ఒకటి పారబోసింది. మంచం మీద తన వైపునే, ఒద్దికగా, అంచుకి జరిగి పడుకునేది. అద్దం దగ్గర అతని సబ్బు ముక్క ఎండిపోయి ఉంటే, పారెయ్యబోయి, వాసన చూసి, అక్కడే పెట్టేసింది. బయట అడుగుల చప్పుడైతే గడియ సరిచూసుకునేది. అడుగులు దాటిపోతే ఊపిరి పీల్చుకునేది, వెంటనే ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేది. ఈ రెండో సంగతి ఎవరికి చెప్పుకోగలదు? బెంగకి ఏ కోర్టూ వాయిదా వెయ్యదు. అయినా నిద్ర పట్టేది. చెయ్యి వణకడం ఆగింది. ల్యాబ్‌లో మళ్ళీ ఆమెనే పిలుస్తున్నారు.

ఒక ఆదివారం సాయంత్రం, ఆరేసిన బట్టలు మడతపెడుతుంటే తలుపు తట్టిన చప్పుడైంది. ఆమె చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. పిట్టా అన్న పిలుపు కోసం చెవులు రిక్కించింది. వినబడకూడదని మొక్కుకుంటూ, వినబడాలని ఆశపడుతూ.

"నేనేనమ్మా" అంది ఆడగొంతు.

కిటికీ లోంచి చూస్తే అత్తయ్య. ఒక్కతే. ఆమె గొలుసు తియ్యకుండానే తలుపు కాస్త తెరిచింది.

"కబురు తెచ్చారా అత్తయ్యా? తేకూడదు. మీకూ మంచిది కాదు."

"కబురేం లేదు."

"మరి? ఆయన వస్తువులేమన్నా కావాలా?"

అత్తయ్య వీధి రెండువైపులా చూసింది. పెదవి చివర నల్లగా ఎండిన రక్తం. ఆవిడ కొంగు దాని మీదికి లాక్కుంది గానీ, అప్పటికే ఆలస్యమైంది. గోడనో గడపనో అడుగుతున్నట్టు, నేల వైపు చూస్తూ అడిగింది.

"అమ్మాయీ, నీకిచ్చిన ఆ కాగితం... పెళ్ళాలకేనా? తల్లి అడిగితే ఇవ్వరా?"

చీమకైనా అపకారం చెయ్యడన్న గొంతు, పక్కగదిలోంచి వచ్చిన గొంతు, ఇప్పుడీ గొంతు, అన్నీ ఒక్కరివే. కమలాపండు తొనలు గుర్తొచ్చాయి. ఆ ఆదివారాలు ఇక ఎక్కడా లేవు, ఆ అద్దె ఇంట్లో కూడా.

గొలుసు తీసింది.

"ఇస్తారు అత్తయ్యా. రేపు నేను తీసుకెళ్తాను" అంది. "లోపలికి రండి. గడియ పెట్టేద్దాం."