నిక్కరు జేబులో తడి

మా ఇంట్లో రెండు కథలు చెప్పీ చెప్పీ అరిగిపోయాయి. ఒకటి మా ఆయనది, రెండోది నాది. రెండూ మా మనవడు లోహిత్ గురించే.

మా ఆయన జగన్నాథంగారు బందరులో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. "అన్నప్రాసన నాడు బంగారం పెట్టాం, కత్తి పెట్టాం, పూలు పెట్టాం. మావాడు పాక్కుంటూ వెళ్ళి పెన్ను పట్టుకున్నాడయ్యా!" అని పాలుపోసే పెద్దిరాజుకి కూడా చెప్తారు. ఫోటో కూడా ఉంది. నా కథ వేరు. మూడున్నరేళ్ళప్పుడు వాడు తాతయ్యతో గిలకలదిండి రేవుకి చేపల కోసం వెళ్ళి, తడి నిక్కరుతో తిరిగొచ్చాడు. "ఇంతవాడివై నిక్కరు తడుపుకుంటావా?" అని వీపు మీద ఒక్కటిచ్చాను. ఆ సంగతి చెప్పి పెద్దిరాజుతో సహా వీధి వీధంతా నవ్వించాను.

ఇప్పుడు వాడికి అయిదున్నర. శనివారం బళ్ళో అందరి ముందూ 'నాకు గుర్తున్న సంగతి' చెప్పాలిట. పెన్ను కథే ఎంచుకున్నాడు. "నాకు బాగా గుర్తుంది. పెన్ను ఎర్రది. తాతయ్య చప్పట్లు కొట్టారు" అని రోజూ అద్దం ముందు అప్పజెప్పేవాడు. ఆయనగారి ఆనందం చెప్పక్కర్లేదు.

నిజం నాకు తెలుసు. వాడు పట్టుకున్నది ఆయన పక్కన పెట్టిన ముక్కుపొడుం డబ్బా! ఈయనే గబుక్కున అది లాక్కుని, చేతిలో పెన్ను పెట్టి ఫోటో తీశారు. చెప్పీ చెప్పీ చివరికి ఆయనే నమ్మేశారు. మొగుడి పరువని నేను నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకున్నది ఆ ఒక్క విషయంలోనే.

ఆ వారమే వాడి చెల్లెలు అక్షిత అన్నప్రాసన. అది పుస్తకం పట్టుకుని, పేజీ చింపి నోట్లో పెట్టుకుంది. మర్నాడు లోహిత్ మళ్ళీ అన్నీ దాని ముందు పరిచి, "నిన్న ఏం పట్టుకున్నావే? చూపించు" అన్నాడు. అది గరిటె పట్టుకుంది. మూడు రోజులడిగాడు. మూడు రోజులూ గరిటే.

శుక్రవారం సాయంత్రం మొహం వేలాడేసుకుని వంటింట్లోకి వచ్చాడు.

"నాయనమ్మా, చెల్లికేం గుర్తులేదు. మరి నాకెట్లా గుర్తుంది?"

"నీకు తెలివెక్కువలే" అన్నాను.

"కాదు. అందులో నా మొహం నాకే కనపడుద్ది, ఫోటోలోలాగా. నా కళ్ళతో చూస్తే నా మొహం ఎట్లా కనపడుద్ది? అది నేను చూసింది కాదు. రేపు చెప్తే అబద్ధమైపోదూ?" కళ్ళనీళ్ళు తిరిగాయి వాడికి.

ఓరి పిడుగా అనుకున్నాను. ఇక దాచలేక ముక్కుపొడుం సంగతి చెప్పేశాను. ఏడుపు మానేసి పడీ పడీ నవ్వాడు.

"సరే, ఎవ్వరూ చెప్పకుండా నీకు గుర్తున్నది ఒకటి చెప్పు" అన్నాను.

కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "గిలకలదిండి. ఇందులో నా మొహం లేదు, నా చెయ్యే ఉంది. చేపలకి ఐసు కొట్టే ఆయన ముక్కిచ్చాడు. జేబులో పెట్టుకున్నా. తొడ జివ్వుమంది."

"జేబులో ఎందుకురా?"

"ఉక్కపోస్తోందన్నావుగా. నీకోసం."

నా చేతిలో అట్లకాడ ఆగిపోయింది.

"మరి అప్పుడే చెప్పొచ్చుగదరా నాన్నా!"

"నువ్వు కొట్టావుగా. చూపిద్దామంటే నీళ్ళైపోయింది."

రెండేళ్ళు ఊరంతా నవ్వించాను, పాపిష్టిదాన్ని! వాణ్ణి గుండెకు హత్తుకుని ఏడ్చాను. "వదులు నాయనమ్మా, అట్టు మాడిపోతోంది" అన్నాడు వాడు.

శనివారం ముందు వరసలో కూర్చున్నాం. వాడు చేతులు కట్టుకుని, "ఇది నాకెవరూ చెప్పలేదు. నాకే గుర్తుంది" అని మొదలుపెట్టాడు. దెబ్బ దగ్గరికొచ్చేసరికి అందరూ నా వైపు తిరిగి ఒకటే నవ్వు. మా ఆయనైతే మరీను. ముక్కుపొడుం సంగతి వాడికి తెలిసిపోయిందని ఆయనకి తెలీదుగా పాపం! నాకు సిగ్గూ సంతోషమూ కలిసి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

తిరిగొస్తుంటే పెద్దిరాజు సైకిలు మీద ఎదురయ్యాడు. చెయ్యి అడ్డంపెట్టి ఆపాను.

"ఏమండీ, పాలు విరిగాయా?" అన్నాడు కంగారుగా.

"అది ఐసు పెద్దిరాజూ! నాకోసం తెచ్చాడు!"