తాళంచెవి చూసిన ఊళ్లు

నేను ఒక తాళం కప్పను. ఇత్తడిదాన్ని, ఏడు లీవర్లదాన్ని, ఒక అరచేతిలో పట్టనంత పెద్దదాన్ని. నా సంగతి చెప్పాలంటే ముందు నా భాగస్వామి సంగతి చెప్పాలి. నా బతుకులో వచ్చిన నష్టమంతా అక్కడే మొదలైంది. ఆ భాగస్వామి నా తాళంచెవి.

ఇద్దరం ఒకే రోజున పుట్టాం. ఉత్తరాదిన తాళాలు చేసే ఒక ఊళ్లో ఒకే ఇత్తడి దిమ్మలోంచి మమ్మల్ని తీశారు. నా కడుపులో లీవర్లు పేర్చిన పనివాడే దాని పళ్లు ఆకురాయితో అరగదీశాడు. అది లేకుండా నేను తెరుచుకోను, నేను లేకుండా దానికి పని లేదు. పైకి చూస్తే సమానమైన పొత్తు. కానీ పొత్తులో చూసుకోవాల్సింది ఎవరి వాటా ఎంతని కాదు, ఎవరు ఎక్కడ ఉంటారని. తలుపుకు వేలాడేది నేను. ఎండకు కాగేది, వానకు తడిసేది, దారిన పోయే ప్రతివాడూ ఒకసారి లాగి చూసేది నన్ను. అది మాత్రం మనిషి బొడ్లో కూర్చుని ఊళ్లు తిరుగుతుంది. ఈ షరతుకు నేను ఒప్పుకున్నట్టు గుర్తు లేదు.

నా మొదటి యజమాని అనకాపల్లిలో బెల్లం దళారీ. గోదాముకు నన్ను వేసి, వేశానో లేదో గుర్తు లేక సగం దారి నుంచి వెనక్కి వచ్చేవాడు. ఆయనకు నా మీద అనుమానం లేదు, తన మీదే. గోదాము ఎత్తేసేటప్పుడు మిగిలిన గోనెసంచులన్నీ కన్నయ్యశెట్టికి అమ్మి, నన్ను కొసరుగా పడేశాడు. అంత బరువున్న దాన్ని కొసరు వేయడం నాకు నచ్చలేదు. తాళంచెవి మాత్రం ఏమీ అనుకోలేదు. దానికి ఎవరి బొడ్లో ఉన్నా ఒకటే.

కన్నయ్యశెట్టిది తాళ్ల కొట్టు. మోకులు, పురికొస, గోనెసంచులు, జల్లెళ్లు అమ్మేవాడు. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఆయనకు ఒక పట్టుదల ఉండేది. పొద్దున్న తెరిచిన కొట్టుకు బోణీ కాకుండా తాళం పడకూడదు. తెరిచి, ఒక్క బేరమైనా కాకుండా మూస్తే ఆ ఏడాదంతా కొట్టు అలాగే ఉంటుందని ఆయన భయం. పోయేముందు కొడుకు గవర్రాజు చేత ఈ మాట మీద చేతిలో చెయ్యి వేయించుకున్నాడు.

గవర్రాజు భార్య నూకరత్నం. ఆ ఇంటికి వచ్చి పదకొండేళ్లయినా ఆమె చూసింది వెనక గదులు, గోనె నార దుమ్ము, ఎదురింటి గోడ. దుమ్ముకు రోజంతా దగ్గేది. మామగారు ఉన్నన్నాళ్లు నోరెత్తలేదు. ఆయన పోయిన మరుసటి శ్రావణంలో, ముసురు పట్టిన ఒక పొద్దున్న, ఎవరో వచ్చి జల్లెడ కొనుక్కుపోయాక, తడి జుట్టు తువ్వాలుతో తుడుచుకుంటూ కొట్టు గడపలోకి వచ్చింది.

“ఏవండీ, ఈ వానకి ఇంకెవరొస్తారు. కొండకర్ల ఆవకి ఎల్దామా.”

“ఇప్పుడా.”

“ఇప్పుడు కాపోతే వచ్చే జన్మకా. బోణీ అయిందిగా.”

గవర్రాజు వీధి వైపు చూశాడు. వీధిలో ఒక మేక తప్ప ఎవరూ లేరు. ఆయన లేచి, మేకుకు తగిలించి ఉన్న నన్ను తీసి, తలుపుకు వేశాడు. పట్టపగలు నన్ను తలుపుకు వేయడం అదే మొదలు. తాళంచెవి రత్నం బొడ్లోకి వెళ్లింది. ఇద్దరూ ఒకే గొడుగులో బస్సుకు నడిచారు.

దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చారు. తాళంచెవి నా కడుపులోకి దూరినప్పుడు నాకు నీటి వాసన తగిలింది. దాని పళ్ల సందున తామరతూడు పీచు ఒకటి ఇరుక్కుని ఉంది. రత్నం రోజూ అంత దగ్గే మనిషి, ఆ సాయంత్రం దగ్గకుండా గడప దాటింది. రెండు తాటిమాను దోనెలు జతకట్టి ఆవ చెరువంతా తిప్పారట, తెల్ల కొంగలు చేతికి అందేంత దగ్గరకు వచ్చాయట. ఇదంతా మొగుడూ పెళ్లాల మాటల్లో విన్నాను. తాళంచెవిని అడిగితే “బాగుంది” అని ఊరుకుంది. రోజంతా వానలో నానిన నాకు ఒక్క ముక్క బదులా?

ఆ తర్వాత అది అలవాటైంది. ముందుగా అనుకోవడం ఉండదు. పొద్దున్న ఆకాశం బాగుంటే చాలు, బోణీ కాగానే బయల్దేరడమే. శారదా నది గట్టు, బొజ్జన్నకొండ మెట్లు, పూడిమడక సముద్రం. సాయంత్రానికి ఇల్లు. దూరం పోయిందీ లేదు, రాత్రి ఉండిపోయిందీ లేదు. ఎక్కడికి వెళ్లారో నాకు తాళంచెవి మీది మరకలే చెప్పేవి. ఒకరోజు ఎర్రమట్టి, ఒకరోజు రేగుపండు జిగురు. పూడిమడక నుంచి వచ్చిన ప్రతిసారీ ఇసుక. అది తన ఇసుకను నా కడుపులో దులుపుకుని, తళతళలాడుతూ బయటికి వచ్చేది. వాళ్లు వెళ్లిన రోజున నా దగ్గరికి వచ్చిందెవరో చెప్పనా? వీపు గోక్కోవడానికి మేక.

చిక్కల్లా బోణీ దగ్గర వచ్చింది. కొన్ని రోజుల్లో పదకొండయినా ఎవరూ వచ్చేవారు కాదు. పులిహోర డబ్బా కట్టుకుని, మంచి చీర కట్టుకుని రత్నం లోపలి గడప మీద కూర్చునేది. గవర్రాజు తండ్రి మాట దాటేవాడు కాదు. మధ్యాహ్నం అయ్యాక ఆమె డబ్బా విప్పి, ఇద్దరికీ కంచాల్లో పెట్టేది. అలాంటి రోజులు నాకు పండగ. తాళంచెవి నాతోపాటే మేకుకు వేలాడేది.

ఎదురుగా ఎరకయ్య కొట్టు. ఆయన గవర్రాజుకు పెదనాన్న కొడుకు, చేసేదీ ఇదే వ్యాపారం. ఆయన భార్య అచ్చియ్యమ్మ. ఒకనాడు రత్నం ఆమెను మా కొట్టు అరుగు దగ్గర పట్టుకుంది.

“అక్కా, ఓసారొచ్చి ఏదోటి కొనీ. పురికొస ఉండ కొనీ. బోణీ అయిపోతాది.”

“మీ బావగారు అమ్మీదీ అదేనే. ఇంటినిండా పురికొస పెట్టుకుని మీ కొట్లో కొంటే నవ్వరా.”

“ఆయన అంత దూరం ఆలోచించరులే.”

అచ్చియ్యమ్మ నవ్వుకుంటూ వచ్చి ఉండ కొంది. గవర్రాజు డబ్బు కళ్లకద్దుకున్నాడు. పావుగంటలో నేను తలుపు మీద ఉన్నాను. నేను చూస్తుండగానే ఇది నాలుగుసార్లు, పదిసార్లు అయింది. తాళ్లు అమ్మేవాడి భార్య పనిగట్టుకుని వీధి దాటి వచ్చి తాడు కొనుక్కుపోవడం, అమ్మినవాడు అనుమానించకపోవడం, నా అనుభవంలో ఎక్కడా చూడలేదు. గవర్రాజు మరీ అమాయకుడని తేల్చుకున్నాను.

ఎరకయ్య మాత్రం అమాయకుడు కాడు. మా కొట్టు మూసిన రోజున మా ఖాతాదార్లు ఆయన మెట్లెక్కేవారు. రెండు నెలలకు ఆయనే భార్యను తరమడం మొదలుపెట్టాడు.

“ఏటే, మబ్బేసింది, చల్లగుంది. ఎల్లి ఉండ కొనుక్కురా.”

“ఇంట్లో ఇప్పటికే తట్టెడున్నాయి.”

“ఉంటే ఉండనీ. కుళ్లిపోతాయేటి.”

రత్నానికి షికారు, ఎరకయ్యకు బేరాలు, అచ్చియ్యమ్మకు నవ్వుకోవడానికి ఒక సరదా. ఎటు చూసినా అందరికీ లాభమే. ఆ లాభాల కింద ఎండకు కాగుతున్నది నేను. ఈ వ్యవహారం ఎప్పుడు బద్దలవుతుందా అని కాచుకుని కూర్చున్నాను.

ఎండాకాలం మొదట్లో బద్దలైంది. పూడిమడక పడవల ఆసామి పోలయ్య పొద్దున్నే వచ్చి రెండు గోనెసంచులు కొన్నాడు. లంగరు మోకులకు ఏళ్ల తరబడి మా కొట్టుకే వచ్చేవాడు. సంచులు చంకన పెట్టుకుంటూ అన్నాడు.

“సెట్టిగారూ, మూడుసార్లొచ్చాను, మూడుసార్లూ తాళమే. మోకులు ఎదుట కొట్లో తీసుకున్నాను. ఏటనుకోకండి, పడవ ఆగదు కదా.”

అవును, మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ నన్ను లాగి చూశాడు. పోలయ్య వెళ్లగానే గవర్రాజు వీధి మధ్యకు నడిచాడు.

“అన్నయ్యా, పోలయ్య బేరం నాది. నువ్వు మోకులు అమ్మావు, నాకు ఓ మాట చెప్పలేదు.”

ఎరకయ్యకు తప్పు చేశాననే గుబులు ఉన్నట్టుంది, అందుకే గొంతు పెంచాడు. “నన్నంటావేటి. మీ ఆవిడే మా ఇంటిదాన్ని బతిమాలి బోణీలు చేయించుకుని కొట్టు మూయించింది. నా ఇంట్లో తట్టెడు పురికొస ఉంది, వచ్చి చూసుకో.”

వీధంతా విన్నది. గడపలో ఉన్న రత్నం కూడా విన్నది. ఆమె ముఖం గోనెసంచిలా అయిపోయింది. తండ్రి చేతిలో పెట్టిన మాటను తన చేత మోసంతో దాటించిందని తెలిశాక ఏ మొగుడు మళ్లీ షికారుకు బయల్దేరతాడు? పదకొండేళ్లు చూసిన గోడనే ఆమె మళ్లీ చూస్తూ కూర్చోవాలి. నా మటుకు నేను, తాళంచెవి ఇక జన్మలో ఊరు దాటదని లెక్క కట్టుకున్నాను.

గవర్రాజు లోపలికి వచ్చి గద్దె మీద కూర్చున్నాడు. రత్నం మేకు దగ్గరికి వచ్చి, నాలోంచి తాళంచెవి తీసి ఆయన ముందు పెట్టింది.

“ఇది మీ దగ్గరుంచండి. ఇంకెప్పుడూ ఎక్కడికీ ఎల్దామనను.”

గవర్రాజు తాళంచెవి వైపు చూడలేదు. “తాళ్ల కొట్టాయన పెళ్లాం నా కొట్లో తాడు కొంటే, రెండోసారికైనా తెలీదా నాకు.”

“తెలిసీ డబ్బు కళ్లకద్దుకున్నారా.”

“అద్దుకోపోతే నాకు తెలిసిందని నువ్వు కనిపెట్టీదానివి.”

ఆయనే మళ్లీ అన్నాడు, కొంచెం సిగ్గుగా. “నాన్న మాట నేనై నేను దాటలేను. వదిన వీధి దాటి వస్తంటే చూసి, హమ్మయ్య అనుకునీవోణ్ని.”

రత్నం దగ్గు వస్తే ఆపుకుంది. “పోలయ్య బేరం పోయింది కదండీ నావల్ల.”

“పోయింది. ఇక్కడ కూర్చుంటే తిరిగొస్తాదా? పూడిమడక ఎల్లి మనమే అడుగుదాం. ఎలాగూ సముద్రం అక్కడే ఉంది. లే, పన్నెండు గంటల బస్సుంది.”

నేను విన్నది నమ్మలేకపోయాను. బేరం పోయినందుకు మానేయాల్సిన షికారు, ఆ పోయిన బేరం పేరు చెప్పే బయల్దేరింది. నన్ను తలుపుకు వేసి, అలవాటుగా ఒకసారి లాగి చూసి, ఇద్దరూ వెళ్లిపోయారు. తాళంచెవి ఆమె బొడ్లో ఊగుతూ వెళ్లింది. ఆ మధ్యాహ్నం నాకు పట్టిన వేడి ఎండది మాత్రమే కాదు. దానికి ఇంక దారి ఇవ్వకూడదని ఆ ఎండలోనే నిశ్చయించుకున్నాను.

సాయంత్రం తిరిగి వచ్చారు. తాళంచెవి నాలోకి దూరింది. నేను మూడో లీవరు బిగబట్టాను. గవర్రాజు తిప్పాడు, రత్నం తిప్పింది, చివరికి ఎరకయ్య పొద్దుటి గొడవ పక్కన పెట్టి వీధి దాటి వచ్చి తిప్పాడు.

“కొబ్బరినూనె పొయ్యి తమ్ముడూ.”

పోశారు. నేను కదల్లేదు. ఎరకయ్య రంపపు బ్లేడు కోసం తన కొట్లోకి వెళ్లాడు. ఇంట్లోకి వెళ్లే దారి లేదు, వెనక తలుపుకు లోపల గడియ. ఇక ఏడుస్తారు, తిట్టుకుంటారు, షికారంటేనే విసుగు పుడుతుంది అనుకున్నాను.

రత్నం నా కిందనే అరుగు మీద చతికిలబడింది. దారిలో కొన్న తాటిముంజెల మూట విప్పింది. అచ్చియ్యమ్మ మంచినీళ్ల చెంబు తెచ్చి పక్కన కూర్చుంది.

“పోలయ్య ఏటన్నాడే.”

“రెండు పడవలకి మోకులు చెప్పాడక్కా. పైగా ఇంట్లోకి పిలిచి కొబ్బరిబొండాలు కొట్టించాడు. సముద్రం ఈవేళ ఎంత బాగుందనుకున్నావు, చీర మోకాలిదాకా తడిసిపోయింది, చూడు.”

“నన్ను ఒక్కసారీ తీసుకెల్లలేదు గదే నువ్వు. బోణీలు మాత్రం నేను చెయ్యాలి.”

“ఈసారి ఎల్దాం. బావగారు కొట్టు చూసుకుంటారు.”

బ్లేడు పట్టుకుని వచ్చిన ఎరకయ్య ఈ మాట విని ఏదో అనబోయి, రత్నం చేతికి ఇచ్చిన ముంజె నోట్లో వేసుకుని ఊరుకున్నాడు. నలుగురూ నా కిందనే కూర్చుని, ముంజెల నీళ్లు మోచేతుల దాకా కారుతుంటే నవ్వుకున్నారు. వాళ్ల షికారు చెడగొడదామనుకున్నాను. అది ఇంకో గంట సాగి, వచ్చి నా కిందనే కూర్చుంది. అంత దగ్గరగా కూర్చున్నా నాకు అందులో వాటా లేదు.

ముంజెలు అయ్యాక ఎరకయ్య తలుపుకు తగిలించే నా కొంకిని కోశాడు. నన్ను అరుగుకేసి కొడితే లోపలి నుంచి చారెడు ఇసుక రాలింది.

“ఇసుక పట్టేసిందిరా. ఎక్కణ్నుంచొచ్చిందో.”

రత్నం, గవర్రాజు ఒకరినొకరు చూసుకున్నారు. ఇసుకదే తప్పని అందరూ అనుకున్నారు. నా పట్టుదలకు దక్కాల్సిన పేరు కూడా తాళంచెవి మోసుకొచ్చిన ఇసుకకే దక్కింది.

మర్నాడు పాత సామాన్ల బండివాడు నన్ను తూచి తీసుకున్నాడు. ఈసారి కొసరుగా కాదు, ఇత్తడి ధరకే. ఇప్పుడు మునగపాక రోడ్డు మీద అతని పాకలో, చిల్లుల బిందెల మీద కూర్చుని ఉన్నాను. ఎదురుగా బస్సులు ఆగే చోటు. రోజూ ఎందరో దిగుతారు, ఎక్కుతారు. కరిగించేవాళ్లు ఇంకా రాలేదు. తీరిక చాలా ఉంది, కనుక లెక్క చూసుకుంటున్నాను. ఎవరి సొత్తూ పోనివ్వలేదు, ఎవరికీ లొంగలేదు, పని తప్పింది ఒక్కరోజే. అయినా నిలువ చూస్తే ఏమీ కనపడదు.

నిన్న ఉదయం ఇద్దరు ఆడవాళ్లు ఆ బస్సు కోసం నిలబడ్డారు. రత్నం, అచ్చియ్యమ్మ. రత్నం బొడ్లో కొత్త తాళానివి రెండు చిన్న తెల్ల చెవులు ఉన్నాయి. వాటి మధ్య నా ఇత్తడి చెవి. అది ఏ తలుపునూ తీయదు, ఏ గదినీ కాయదు. దాన్ని బండివాడికి వేయడం వాళ్లకు తోచలేదో, మనసు రాలేదో తెలియదు. బస్సు వచ్చింది. రత్నం మెట్టెక్కుతూ చీర సర్దుకుంటే అది ఒకసారి ఎండకు మెరిసింది.

పని లేకపోయినా వెళ్తోంది.