మూడుసార్లు చచ్చిన రాజు

నేను ఒక బాకుని. బెదరకండి, చెక్క బాకుని. ఇంతవరకూ దోసకాయ ముక్క కూడా కోసిన పాపాన పోలేదు. అయినా నా మీద పడి చచ్చిన రాజులు వందల్లో ఉంటారు. అందరూ తెర పడగానే లేచి, మొహాన రంగు తుడుచుకుంటూ టీ ఏదని అడిగినవాళ్లే. మనుషుల చావుల మీద నాకు గౌరవం పోవడానికి అదొక కారణం.

నేను పుట్టింది చీరాలలో. వడ్రంగి మౌనాచారి ఎవరింటికో దేవుడి మందసం చేస్తుంటే మిగిలిన టేకు ముక్కని. నా తోడబుట్టినవన్నీ మందసంలో చేరి పొద్దూ మాపూ హారతి అందుకుంటున్నాయి. నన్ను మాత్రం బాకుగా చెక్కి, వెండి కాగితం అంటించి, నాటకాల కోటిలింగం చేతిలో పెట్టాడు.

"దేవుడి మందసం చెక్క లింగం! కళ్లకద్దుకుని మరీ పొడుచుకో" అన్నాడు ఇస్తూ. కళ్లకద్దుకుని పొడుచుకోవడమేమిటో నాకు నేటికీ అర్థం కాలేదు.

కోటిలింగం పగలు మగ్గం నేసేవాడు, రాత్రిళ్లు నాటకాల్లో రాజు వేషాలు కట్టేవాడు. ఆయన పద్యం ఎత్తితే వీధి చివర బండి లాగే ఎద్దు కూడా ఆగేదని చెప్పుకునేవారు. ఎద్దు సంగతి నాకు తెలియదు, జనం సంగతి తెలుసు. మా వైపు పద్యం నచ్చితే "వన్స్ మోర్" అని అరుస్తారు. అరిస్తే మళ్లీ పాడాల్సిందే. పాత్ర చచ్చి పడి ఉన్నా సరే, లేచి, కిరీటం సర్దుకుని, పాడి, మళ్లీ చావాలి. ఒకసారి వేటపాలెంలో ఒకే పద్యానికి నాలుగు మాట్లు చచ్చాడు. నాలుగు మాట్లూ నేను ఆయన చంకలోకి దూరాలి. ఆ చంక గురించి నన్ను అడక్కండి.

"జనం అడిగితే కాదనకు. వాళ్లు పనులు మానుకుని వచ్చారు" అని గురువు చనిపోయే ముందు చేతిలో చెయ్యి వేయించుకున్నాడట. కోటిలింగం ఆ మాట తప్పలేదు. జ్వరంతో ఉన్నా తప్పలేదు, వానలో తప్పలేదు. నాకు వెండి కాగితం ఊడిపోయినా ఎవరికీ పట్టలేదు.

యాభై ఎనిమిదో ఏట ఆయన గొంతు బొంగురుపోయింది. డాక్టరు అద్దం పెట్టి చూసి, గొంతులో కాయలాంటిది ఉందన్నాడు. "మెల్లిగా మాట్లాడుకో. ఇంట్లో పురాణం చదువుకో. పైకెత్తి పద్యం పాడావో, ఈ గొంతు మళ్లీ రాదు." అప్పుడు నేను సంచిలో ఉన్నాను, ప్రతి ముక్కా విన్నాను.

ఆ పురాణమే వాళ్లింటికి పెద్ద ఆధారం. ఆయన భార్య నాగరత్నమ్మకి కళ్లు కనపడవు. దీపాలు పెట్టే వేళ ఆయన చదవాలి, ఆవిడ వినాలి. ముప్ఫై ఏళ్లుగా ఒక్క పూట తప్పలేదు. కాబట్టి నాటకాలు మానేశాడు. నన్ను అటక మీద పాత కిరీటం పక్కన పడేశాడు. నాకూ నిమ్మళంగా ఉంది.

ఉండనిస్తారా? ఒక రోజు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే సుభద్ర మేడం వచ్చింది. పన్నెండేళ్లుగా పాత ఇంగ్లీషు నాటకాలు పాఠం చెబుతోందట. వాటిలో ఒకదాన్ని తెలుగు చేసి, కాలేజీ వార్షికోత్సవంలో ఆడిద్దామనుకుంది. రాజు వేషం వేయాల్సిన విద్యార్థికి ఒంటి మీద అమ్మవారు పోసింది. నాటకానికి ఇంక వారమే ఉంది.

"విషాద నాయకుడంటే చెడ్డవాడు కాదండీ కోటిలింగం గారూ. గొప్పవాడే. ఒక్క లోపం ఉంటుంది. ఆ ఒక్కటే అతన్ని ముంచుతుంది."

"ఈ రాజుకి ఏం లోపం మేడం గారూ?"

"ఇచ్చిన మాట. దానివల్ల సర్వనాశనమని తెలిసినా వెనక్కి తీసుకోడు."

"మాట మీద నిలబడటాన్ని మా ఇళ్లల్లో ధర్మం అంటారమ్మా. మీ పుస్తకంలో లోపం అంటారా?"

మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది. "పరీక్షలో మాత్రం లోపమనే రాయాలండీ."

ఆ మాట మీద ఆవిడకే నమ్మకం లేదని నాకు అర్థమైంది. చెక్కనైన నాకే అర్థమైతే మనుషులకి అవదా? అయినా ఆయన ఒప్పేసుకున్నాడు. పైగా, "పద్యం లేకుండా రాజు ఎలా చస్తాడు? జనం నమ్మరు" అని చచ్చే ముందు ఒక పద్యం తనే పెట్టించుకున్నాడు. డాక్టరు మాట మేడంకి చెప్పలేదు.

లోపలి నుంచి నాగరత్నమ్మ, "గొంతో?" అంది.

"ఒక్క పద్యమే రత్నం. మెల్లిగా."

మెల్లిగానట! ఆయన మెల్లిగా పాడటం నేను ఈ జన్మలో చూడలేదు.

రిహార్సల్సులో ఆ నాటకాల మర్మాలన్నీ నా చెవిన పడ్డాయి. మొదటి రంగంలో గుడ్లగూబ అరిస్తే అయిదో రంగంలో ఎవరో చస్తారని అర్థమట. పక్కన నిలబడ్డ మంత్రికి వినపడకుండా, చివరి వరస వాడికి వినపడేలా మాట్లాడటానికి ఒక పేరుందట. మా పేటలో అత్తలందరికీ ఆ విద్య వచ్చు, పేరే తెలియదు. రాజుకి తెలియనిది ప్రేక్షకులకి ముందే తెలిసిపోవడాన్ని నాటకీయ వ్యంగ్యం అంటారని మేడం చెప్పింది. మరి రాజు వేషగాడికి తెలిసి ప్రేక్షకులకి తెలియకపోతే దాన్నేమంటారు? ఎవరూ అడగలేదు. నాకు నోరు లేదు.

"రాజు పడ్డాక హాలు నిశ్శబ్దంగా ఉండాలి. చప్పట్లు కూడా వద్దు. పాఠంలో చెప్పడమే తప్ప నేను ఒక్కసారీ చూడలేదు" అంది మేడం.

వార్షికోత్సవం నాడు సాయంత్రం నాలుగింటికి తెర లేచింది. పిల్లల తల్లిదండ్రులు, మగ్గాలాపి వచ్చిన పేట జనం, హాలంతా కిక్కిరిసింది. అంతా సవ్యంగానే నడిచింది. గుడ్లగూబ కూడా వేళకి అరిచింది. అయిదో రంగంలో రాజు నన్ను పైకెత్తి పద్యం అందుకున్నాడు. మెల్లిగా కాదు. నన్ను పొడుచుకుని పడ్డాడు.

ఒక్క క్షణం నిశ్శబ్దం. మేడం కళ్లు మూసుకుంది.

"వన్స్ మోర్!"

వెనక బెంచీల్లోంచి ఒకడు. తరవాత పది మంది. తరవాత హాలంతా. మేడం తెర పక్కనుంచి రెండు చేతులూ అడ్డంగా ఊపుతోంది. హార్మోనియం వాయిస్తున్న పాత నేస్తం మస్తాన్ సాయిబుకి గొంతు సంగతి తెలుసు. దాని మెట్ల మీది నుంచి చేతులు తీసేసి, "వద్దురా లింగం, పడుకో" అన్నాడు పళ్ల మధ్య నుంచి.

చచ్చిన రాజు పెదవులు కదిలాయి. "శ్రుతి పట్టు సాయిబూ."

లేచాడు. పాడాడు. చచ్చాడు. మళ్లీ అదే అరుపు. ఏమయ్యా, చచ్చినవాణ్ణి చావనివ్వరా? నాకే గనక పదునుంటే ఆ వేళ పరదా తాడు కోసేసి ఉండేదాన్ని.

మూడోసారి పద్యం చివరి పాదం దాకా వచ్చాడు. రాగం పైకి లేస్తుండగా, మగ్గం మీద బిగిసిన పోగు తెగినట్టు, గొంతు తెగింది. నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు. ఆయన ఆగలేదు. మిగిలిన పాదమంతా ఉత్త పెదవులతో పూర్తి చేశాడు. నన్ను కళ్లకద్దుకుని, పొడుచుకుని, పడ్డాడు.

హాల్లో ఎవరూ అరవలేదు. చప్పట్లు లేవు. ముందు వరసలో ఒక ముసలమ్మ మాత్రం "అయ్యో తండ్రీ" అంది. మేడం పన్నెండేళ్లుగా చూడాలనుకున్న నిశ్శబ్దం అదే.

తెర పడ్డాక ఆవిడ పరిగెత్తుకొచ్చి నేల మీద కూర్చుంది. "వద్దని సైగ చేశాను కదండీ! ఎందుకు లేచారు?"

కోటిలింగం నవ్వి, తెర అవతల జనం వైపు చెయ్యి చూపించాడు. డాక్టరు మాటా, గురువుకిచ్చిన మాటా సాయిబు చెప్పాడు. ఆవిడ ఆయన రెండు చేతులూ పట్టుకుంది. ఆ వెనకే ఒక విద్యార్థి వచ్చి, "మేడం, ఇది పరీక్షకి వస్తుందా?" అని అడిగాడు. ఇటువంటి వాళ్ల మధ్య బతకాలి నేను.

ఆ గొంతు మళ్లీ రాలేదు. లోపమా, ధర్మమా? మందసం చెక్కని కాబట్టి ధర్మమనే అనాలి. కానీ ఆ మర్నాడు దీపాల వేళ నాగరత్నమ్మ చెవి ఒగ్గి కూర్చుని, ఎంతసేపటికీ ఏమీ వినపడక, కొంగుతో మొహం కప్పుకోవడం చూసినదాన్ని. దేవుణ్ణే అడగాలనిపించింది.

కాసేపటికి ఆవిడే నోరు విప్పింది. ముప్ఫై ఏళ్లు విన్న పురాణం కదా, పంక్తి తరవాత పంక్తి దానంతటదే వచ్చింది. ఒక చోట తడబడింది. కోటిలింగం చుట్టూ చూసి, నన్నందుకుని, నేల మీద ఒక్క దెబ్బ కొట్టాడు. ఆవిడ ఆగి, సరిదిద్దుకుంది.

అప్పటినుంచి నా ఉద్యోగం అదే. దేవుడి పటాల కింద, పుస్తకం పక్కన ఉంటాను. ఆయన వేలు అక్షరాల మీద నడుస్తుంది, ఆవిడ నోరు పలుకుతుంది. తప్పు పోతే నేల మీద ఒక దెబ్బ. ఏదైనా పద్యం మరీ బాగా చెబితే రెండు దెబ్బలు.

రెండు దెబ్బలకి ఆవిడ విసుక్కుంటుంది. "ఇంత జరిగినా మీకు బుద్ధి రాలేదు" అంటుంది.

అని, ఆ పద్యం మళ్లీ మొదటినుంచి చెబుతుంది.