తెల్ల గీత మీద నడిచేవాళ్ళు

తినకపోతే పోయాడు, బొరుగుల ఉగ్గాని మిగిలితే నాకే కదా, కానీ తినకపోవడంలో కూడా మార్కులు వాడికే పడటం ఏం న్యాయం, పొద్దున కల్లూరులో మా ఇంటి గడప దగ్గరే నిలబడి చేతులు జోడించి, వద్దక్కా, ఆడిట్ అయ్యేదంకా సార్ వాళ్ళింట్ల నేను మంచినీళ్ళు గూడా తాగగూడదు, రోడ్డు గీసినోళ్ళ ఉప్పు తిని ఆ రోడ్డునే ఎట్ల తప్పు పట్టేది, అన్నాడు క్రాంతి కుమార్, నవ్వుతూనే అన్నాడు, మా మధులత వేడి బజ్జీల ప్లేటు పట్టుకుని నిలబడి ఉంది, కోపం రావాలి కదా మనిషికి, రాలేదు, లోపలికొచ్చి నా చెవిలో, సూడండి ఎంత నిక్కచ్చి మనిషో, అంది, పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్ను ఒక్కసారైనా ఆ మాట అన్నదా, నేను ఇంకో బజ్జీకి చెయ్యి చాపితే కొలెస్ట్రాల్ అంటుంది, ఇప్పుడు కారు ముందు సీట్లో వాడు, వెనక సీట్లో నేను, అది కూడా వాడి మర్యాదే, మీరు ఎనక హాయిగా కూచోండి సార్ అన్నాడు, నా కళ్ళ ముందు వాడి మెడ, ఆరెంజ్ జాకెట్టు, దాని వీపు మీద సేఫ్టీ ఆడిటర్ అని అక్షరాలు, పొలంలో మేసే పొట్టేళ్ళు కూడా చదువుకునేంత పెద్దవి.

ఎవరు నేర్పారు వీడికి పని, నేను కాదా, ఓబుళేశును, కర్నూలులో రోడ్లు గీసే మా ఆఫీసుకు కొత్తగా వచ్చినప్పుడు మలుపులో రోడ్డు ఏ పక్కకు ఎంత వాలాలో కూడా తెలియదు వీడికి, నా కుర్చీ పక్కన స్టూలేసుకుని కూర్చుని నేర్చుకున్నాడు, నేర్చుకుని ఊరుకున్నాడా, ఢిల్లీ వెళ్ళి ఏదో శిక్షణ తీసుకుని సర్టిఫికెట్టుతో దిగాడు, ఇక అప్పటి నుంచి వాడి పని రోడ్డు వేయడం కాదు, వేసేవాళ్ళ రోడ్డులో మనుషులు ఎక్కడ చస్తారో ముందే చెప్పడం, ఈ ఆత్మకూరు రోడ్డు వెడల్పు పని మాకొచ్చింది, ఆడిట్ వాడికిచ్చారు, ఇంత పెద్ద జిల్లాలో ఇంకెవరూ దొరకలేదు చూడు, రోడ్డు ఇంకా కాగితం మీద సన్నని గీతగా ఉన్నప్పుడే వచ్చి, చెరువు కట్ట దగ్గర మలుపులో ఎదురొచ్చే బండి కనపడదన్నాడు, డ్రాయింగులన్నీ పూర్తయ్యాక మళ్ళీ వచ్చి కల్వర్టు గోడలు రోడ్డుకు మరీ దగ్గరన్నాడు, తారు పోస్తున్నప్పుడు వచ్చి దారి మళ్ళించిన చోట లైట్లు లేవన్నాడు, వచ్చిన ప్రతిసారీ మా ఎండీ నా ముందే, ఈ పిల్లోడు మన కాడే ఉండింటే ఎంత బాగుండునప్పా, అంటాడు, అదేం మాట, ఇన్నేళ్ళు వాళ్ళ దగ్గరే ఉన్నవాడిని నేను, ఉన్నవాడికి విలువ లేదు, పొరుగింటి పుల్లకూర రుచి.

ఇది ఆఖరిసారి, రోడ్డు తెరిచే ముందు చేసే ఆడిట్, ఉగాదికి ముందే మంత్రిగారు రిబ్బన్ కత్తిరించాలి, వాడు ఏం రాసినా దాని పక్కన ఒప్పుకున్నామనో ఒప్పుకోమనో రాసి కారణం చూపించి సంతకం పెట్టాల్సింది నేను, ఆ ఒక్క అధికారం మాత్రం దేవుడు నాకుంచాడు, వాడు ఎంత చెప్పినా చెప్పడం వరకే, చెయ్యాలా వద్దా అన్నది మాది, ఈ మాట గుర్తొస్తే కాస్త ప్రాణం లేచి వస్తుంది, కారు ఆగింది, తలుపు తీయగానే ఎండ మొహం మీద కొట్టింది, మార్చి ఇంకా అయిపోలేదు, అప్పుడే రాళ్ళు పగిలే ఎండ, కానీ రోడ్డు మాత్రం ఎంత బాగుందో, నల్లగా, ఎక్కడా చిన్న ముడత లేకుండా, రెండు అంచులా తెల్ల గీతలు కొండల దాకా, ఆ గీతను తారు చివరికంటా జరిపించింది నేనే, బండ్లకు దారి వెడల్పుగా కనపడాలని, మధులతను తీసుకొచ్చి చూపించాలనుకున్నాను, పనులతో కుదరలేదు, ఈలోగా వీడు కారు పక్కన కూర్చుని ఏం చేస్తున్నాడంటే, బూట్లు విప్పుతున్నాడు.

ఏమప్పా, గుడిలోకి పోతాండావా, అన్నాను ఎగతాళిగా, వాడు మేజోళ్ళు మడిచి బూట్లలో కుక్కుతూ, ఉగాదికి ఈ దోవనే కదా సార్ శ్రీశైలానికి నడ్సి పోయేది, కన్నడపోళ్ళు వేలమంది వస్తారు, అందరూ ఉత్త కాళ్ళతోనే, అన్నాడు, అయితే, అన్నాను, అయితే వాళ్ళు యాడ కాలు పెడతారో సూడాల సార్, తారు పెనం మాదిరి కాలతాండాది, పక్కన మనం పరిచిన కంకర గుచ్చుకుంటాది, ఇంక మిగిలింది తెల్ల గీత ఒకటే, అది తారంత కాలదు, వరసగా అందరూ దాని మీదికే వస్తారు, మనం దాన్ని తీస్కపోయి లారీల చక్రాల పక్కన గీసినాం, అని లేచి నడవడం మొదలుపెట్టాడు, మనం అన్నాడు, మీరు అనలేదు, అది కూడా ఒక ఎత్తే, గుచ్చేటప్పుడు దూదిలో సూది పెట్టి గుచ్చడం, నాకు తల తిరిగిపోయింది, మాట తప్పని కాదు, నాకెందుకు తోచలేదని, అహోబిలం స్వామి పేరు పెట్టుకున్నవాడిని నేను, మా అవ్వ కాళ్ళు బొబ్బలెక్కేలా శ్రీశైలం నడిచి వచ్చి వసారాలో కూర్చుంటే వేపాకు నూరి పట్టు వేసిన ఇల్లు మాది, ఆదివారం చర్చికి పోయేవాడికి మల్లన్న భక్తుల కాళ్ళ సంగతి తెలియడమేమిటి, నాకు తెలియకపోవడమేమిటి, అడిగేశాను, నీకెట్ల తెలుసప్పా ఇది, అని, వాడు వెనక్కి తిరగకుండానే, మా పల్లె నుంచి హైస్కూలుకు రోడ్డెంబడే పోతా ఉంటిమి సార్, చెప్పులుండేటివి కాదు, గీత కోసం కొట్లాడుకుంటా ఉంటిమి, అన్నాడు.

నాకు చిన్నప్పుడు చెప్పులుండేవి, హైస్కూలుకు పోతానంటే మా నాయన సైకిలు కూడా కొనిచ్చాడు, ఎందుకు కొనిచ్చాడు, కొనివ్వకపోతే నేనూ ఆ గీత మీదే నడిచేవాడిని కదా, నాకూ తెలిసేది కదా, ఛీ, ఏమైంది నాకు, వాడి ఉత్త కాళ్ళ మీద కూడా అసూయపడుతున్నానా, లేమిని కూడా చూసి కుళ్ళుకునే దరిద్రుడు ఈ సీమలో నేనొక్కడినే ఉంటాను, అయినా మనసు వింటుందా, ఫోను మోగింది, ఎండీ, ఏమప్పా ఓబుళేశూ, ఏమంటాండాడు మనోడు, మనోడు అంటాడు వాడిని, నడిచేవాళ్ళకు కంకర అవతల మెత్తటి మట్టి దారి వేసేదాకా రోడ్డు తెరవొద్దంటున్నాడని చెప్పాను, అవతల నిట్టూర్పు, పిల్లోడు శానా తెలివైనోడప్పా, కానీ ఇప్పుడు ఆపితే మంత్రి దగ్గర నా పరువు పోతాది, నువ్వే ఏదో కారణం సూపించి ఒప్పుకోమని రాసెయ్, నువ్వైతే రాయగలవు, అన్నాడు, తెలివేమో వాడిదట, రాసేది నేనట, అయినా సరే ఎంత తియ్యగా ఉందో ఆ మాట, రాస్తాను సార్ అన్నాను, కాలినడక వారికి కంకర అంచు చాలును, వాక్యం కూడా మనసులో కుదిరిపోయింది, ఒక్కసారి, ఒకే ఒక్కసారి క్రాంతి మాట చెల్లకుండా పోవాలి, వాడి మొహం చిన్నబోవాలి, నేను చూడాలి.

అయితే రాసే ముందు వాడి మాట అబద్ధమని నాకు నేను రుజువు చేసుకోవాలి కదా, నేనేం నిక్కచ్చి మనిషిని కానా, బూట్లు విప్పాను, కంకర మీద కాలు పెట్టాను, అబ్బా, తారు మీద పెట్టాను, అమ్మో, ఆ తర్వాత నేనేం ఆలోచించలేదు, ఒట్టు, కాళ్ళు వాటంతటవే వెళ్ళి గీత మీద నిలబడ్డాయి, వెచ్చగా ఉంది, కానీ నిలబడొచ్చు, ఒళ్ళంతా తేలికపడింది, వెంటనే ఏడుపొచ్చినంత పనైంది, ఎందుకంటే దూరంగా అదే గీత మీద ఆ ఆరెంజ్ జాకెట్టు తాపీగా నడుస్తోంది, వాడు ముందే కనిపెట్టి పోయిన చోట నేను ఇప్పుడొచ్చి నిలబడ్డాను, మధులతకు తెలిస్తే ఏమంటుంది, ఎండీ ఏమంటాడు, కాగితం మీద చూసినా వాడే ముందు, మట్టి మీద చూసినా వాడే ముందు, చివరికి నా రోడ్డు మీద నా కాలికి చల్లటి చోటు చూపించేది కూడా వాడేనా, అని వాడి వీపునే చూస్తూ అట్లాగే నిలబడిపోయాను, వెనక నుంచి ఎవరో అంటున్నారు, జరుగప్పా, రోంత జరుగు, వినపడింది, వినపడింది కానీ అది నాకని తోచలేదు, నేను వాడి వీపుతో మాట్లాడుకుంటున్నాను, మళ్ళీ, గీత ఇడువప్పా, కాళ్ళు కాలతాండాయి, అని ముసలి గొంతు, అప్పటికి తల తిప్పాను, భుజాన గుడ్డసంచి, చేతిలో కర్ర, ఉత్త కాళ్ళ ముసలామె, ఆదోని అవతల నుంచి ముందుగా బయల్దేరిన మనిషి అయ్యుంటుంది, నేను జరగకపోయేసరికి కంకర వైపు ఒకసారి చూసి, ఇటు తారు మీదికి దిగింది, నన్ను దాటుకుని మళ్ళీ గీత ఎక్కుదామని గబగబా నాలుగడుగులు, పని కోసం కంకర మోసే టిప్పరు ఒకటి ఆమె వెనకే, హారన్, టిప్పరు పక్కకు కోసుకుంది, దాని గాలికి ఆమె కొంగు నా మొహానికి కొట్టింది, దుమ్ము, ఆ దుమ్ములోంచి ఆమె నా ముందు గీత మీద నిలబడి రొప్పుతోంది.

బతికి ఉంది, అమ్మా, అన్నాను, ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, దోవలో గుంజ మాదిరి నిలబడితే ఎట్లప్పా, కాలే కాళ్ళతో యాడికి పోయేది మేము, మల్లయ్య సూసినాడు కాబట్టి సరిపాయ, అని కర్ర తాటించుకుంటూ వెళ్ళిపోయింది, మల్లయ్య చూసినప్పుడు నేనెటు చూస్తున్నాను, నేను గీసిన గీత మీద, నేనే అడ్డంగా, వాడి వీపు చూస్తూ.

క్రాంతి పరుగెత్తుకుంటూ వస్తున్నాడు, ఉత్త కాళ్ళతో, కాలే తారు మీదే, నేను సిద్ధపడ్డాను, చూసినారా సార్ అంటాడు, నేను చెప్పలేదా అంటాడు, నేనైతే అనేవాడిని, ఆ మాట కోసం ఇన్నాళ్ళూ కాచుకుని ఉండేవాడిని, వాడు నా దాకా రానే లేదు, నేరుగా ఆమె దగ్గరికి పోయాడు, అవ్వా దెబ్బేం తగల్లేదు కదా, రోంత కూచో, అని చెట్టు నీడకు తీసుకుపోయి నీళ్ళ సీసా చేతికిచ్చాడు, ఆ తర్వాత నా దగ్గరికొచ్చి, మీకేం కాలేదు కదా సార్, అన్నాడు, అని జవాబు కోసం కూడా ఆగకుండా తారు మీద వంగి ఆమె పాదం లోపలికి ఎంత దూరం పడిందో జానతో కొలుస్తున్నాడు, కొలుస్తూ, మట్టి దారి ఇంకా వెడల్పుండాల సార్, ఇద్దరు ఎదురుపడితే ఒకరు తారు మీదికి దిగుతారు, నేను ఒకరికే లెక్కేసినా, నాది తప్పు, అన్నాడు, నాది తప్పు అని ఎంత సులభంగా అన్నాడో, ఉమ్మి మింగినంత సులభంగా, వాడి మొహంలో గెలుపు వెతికాను, గట్టిగా వెతికాను, లేదు, నా ఓటమి వెతికాను, అదీ లేదు, చెమట ఉంది, కంగారు ఉంది, ఆ ముసలామె వైపు మాటిమాటికీ పోయే చూపు ఉంది, నేను లేను.

ఫోను మోగుతోంది, ఎండీయే, ఒప్పుకుంటున్నాను సార్, అన్నాను, మట్టి దారి పడేదాకా రోడ్డు తెరవొద్దు, మంత్రిగారికి నేనే చెబుతాను, నా సంతకంతోనే పంపిస్తాను, అన్నాను, అవతల కేకలు, ఏమైందప్పా నీకు, ఎండ దెబ్బ తగిలెనా, నేను ఫోను చెవికి దూరంగా పట్టుకున్నాను, కడుపులో మంట తగ్గిందా అంటే తగ్గలేదు, అబద్ధం ఎందుకు, రేపు మధులత మళ్ళీ వాడిని మెచ్చుకుంటుంది, నాకు మళ్ళీ మండుతుంది, కానీ ఒకటి మాత్రం ఇంక తెలియనట్టు ఉండలేను, మలుపు దగ్గరా, కల్వర్టు దగ్గరా, లైట్లు లేని చోటా, ఇక్కడా, వచ్చిన ప్రతిసారీ వాడు వెతికింది ఇలాంటి ఒక ముసలామె కాలు పెట్టే చోటు, నేను మాత్రం ప్రతిసారీ వాడు నన్నే వెతుకుతున్నాడనుకున్నాను, ఇన్నేళ్ళ ఈ పోటీలో పరుగెత్తింది నేనొక్కడినే, పక్కన ఎవరూ లేరు.